కోరంగి సాక్ష్యం

కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలో తాళ్లరేవు ఇంకా రాకముందే కోరంగి తగులుతుంది. ఇవాళ అక్కడ బస్సు దిగేవాళ్లు మడ అడవి చూడటానికి దిగుతారు. చెక్కబాట మీద నడిచి, పడవెక్కి కాసేపు పాయల్లో తిరిగి, పొద్దు వాలేసరికి కాకినాడ చేరుకుంటారు. పద్దెనిమిదో శతాబ్దంలో ఇదే చోట ఓడలు కట్టేవారు, తుపానుకు దెబ్బతిన్న ఓడలను లోపలికి లాగి బాగుచేసేవారు. బర్మాకు వలసపోయిన తెలుగువాళ్లకు అక్కడ కోరంగీలన్న పేరు స్థిరపడింది ఈ రేవు వల్లే. ఇప్పుడు రేవు లేదు. ఓడలు తిరిగిన పాయలో మేట పడింది, సముద్రం దూరం జరిగింది, మధ్యలో పేరుకున్న బురదలో మడ, తిల్ల, ఉప్పు పొన్న చెట్లు పెరిగాయి.

ఈ మార్పు ఎందుకు వచ్చింది, ఇక ముందు ఏమవుతుంది అని అడిగితే మన నివేదికలు చెప్పే జవాబు దాదాపు ఎప్పుడూ 1970ల దగ్గర మొదలవుతుంది. ల్యాండ్‌శాట్ ఉపగ్రహం 1972లో పైకి వెళ్లింది కాబట్టి అక్కడి నుంచే మనకు వరుసగా చిత్రాలున్నాయి. ఆ చిత్రాలతో జరిగిన పని విలువైనదే. 1976, 2000 సంవత్సరాల మధ్య గోదావరి డెల్టా సముద్రం వైపు అంచున నికరంగా 18 చదరపు కిలోమీటర్లకు పైగా నేల పోయిందని ఆంధ్ర విశ్వవిద్యాలయం పరిశోధకులు లెక్కగట్టారు. నది మోసుకొచ్చే ఒండ్రు 1970లలో ఏటా 15 కోట్ల టన్నులుంటే, 1990లకు 5.7 కోట్ల టన్నులకు పడిపోయిందనీ వాళ్లే చూపించారు. ఎగువన కట్టిన జలాశయాల్లో మట్టి ఆగిపోతోంది, డెల్టా ఆకలితో అలమటిస్తోంది. ఇందులో సందేహం లేదు.

నాకు పేచీ ఉన్నది ప్రారంభ రేఖతోనే. 1976 నాటి గోదావరిని మనం సహజమైన గోదావరి అనుకుని, అక్కడి నుంచి ఎంత తగ్గింది, ఎంత పెరిగింది అని కొలుస్తున్నాం. ఆ ఏడాదికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి 124 ఏళ్లు. కాలువలు డెల్టా అంతటా పారుతున్నాయి, గట్లు వరదను కట్టేశాయి, ఒకప్పుడు వరద నీటితో పొలాల మీద పరుచుకునే ఒండ్రు పాయల్లోనే ఉండి సముద్రం దారి పట్టింది. అంటే మన కొలబద్దలోని సున్నా గీతే ఎప్పుడో జరిగిపోయిన మార్పు మీద గీసింది. దాని వెనక్కి వెళ్లడానికి ఉపగ్రహాలు పనికిరావు. పాత కాగితాలు, శాసనాలు, పటాలు, సముద్రం అడుగున పేరుకున్న బురద, ముసలివాళ్ల మాట, ఇవే దిక్కు. వీటిని చరిత్రకారుల సరదాగా పక్కన పెట్టకుండా నదిపైనా అడవిపైనా నిర్ణయాలు తీసుకునే బల్ల మీదికి సాక్ష్యంగా తేవాలి. సాక్షిని కోర్టులో ఎలా ప్రశ్నిస్తారో అలా ప్రశ్నించాలి కూడా.

కోరంగికి ఓ ముప్ఫై కిలోమీటర్ల లోపే సామర్లకోట ఉంది. ఈస్టిండియా కంపెనీ వైద్యశాఖలో 1776లో చేరిన విలియం రాక్స్‌బర్గ్ 1781లో అక్కడికి బదిలీ అయి, 1793లో కలకత్తా బొటానికల్ గార్డెన్‌కు వెళ్లేదాకా ఉన్నాడు. సామర్లకోటలో తోట వేశాడు, ఊరి చిత్రకారులను పెట్టుకుని మొక్కల బొమ్మలు గీయించాడు. వాటిలోంచి ఎంచిన 300 బొమ్మలు 'కోరమాండల్ తీరపు మొక్కలు' అన్న మూడు సంపుటాలుగా 1795 నుంచి లండన్‌లో వెలువడ్డాయి. ఆ పుస్తకంలో చాలా పుటల్లో వరస ఒకటే. లాటిన్ పేరు, దాని పక్కన రోమన్ లిపిలో తెలుగు పేరు, ఆ తర్వాత మొక్క ఎక్కడ పెరుగుతుంది, ఏ కాలంలో పూస్తుంది, ఊళ్లో దాన్ని దేనికి వాడతారు. ఏటి ఒడ్డునా, కొండ మీదా, ఉప్పునీటి పక్కనా అన్న తేడా స్పష్టంగా ఉంటుంది. గోదావరి జిల్లాల వృక్షసంపద గురించి ఆనకట్టకు అరవై ఏళ్ల ముందు రాసిన వాంగ్మూలం అది. ఒక చెట్టు ఏ కాలంలో పూసేదో అప్పటి మాట, ఇప్పటి మాట పక్కపక్కన పెట్టి చూడటానికి ఇంతకంటే మంచి ఆధారం మన తీరానికి మరొకటి ఉందనుకోను. ఆ పని ఒక డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర విభాగం కూడా చేయగలదు.

రాక్స్‌బర్గ్ గురించి చెప్పాల్సింది ఇంకొకటుంది. మద్రాసులో ఉన్నప్పటి నుంచే ఆయనకు వాతావరణం రాసిపెట్టే అలవాటు. థర్మామీటరు, బారోమీటరు, వాన లెక్క. సామర్లకోటలో ఆ అలవాటు 1789 తర్వాత వచ్చిన భయంకరమైన కరువును నమోదు చేసింది. ఇలాంటిది మునుపెన్నడైనా వచ్చిందా అని ఆయన వాకబు చేస్తే, నూరేళ్ల కిందటి ఒక దారుణమైన కరువు ప్రస్తావన తమ ఇంటి పాత కాగితాల్లో ఉందని పిఠాపురం జమీందారు చెప్పాడు. రెండు శతాబ్దాల తర్వాత పర్యావరణ చరిత్రకారుడు రిచర్డ్ గ్రోవ్ ఈ రాతలను ప్రపంచంలో ఇతర చోట్ల దొరికిన రికార్డులతో కలిపి చదివి, 1789 నుంచి 1793 దాకా సాగిన అసాధారణమైన ఎల్‌నినో జాడను బయటపెట్టాడు. పరికరాలతో తీసిన లెక్క కొన్నేళ్లది, జమీందారు ఇంటి కాగితం ఇంకో నూరేళ్లది. రెండూ కలిస్తేనే అది అరుదైన విపత్తని తెలిసింది. మన జమీందారీల దఫ్తరాలు చెదపట్టి పోయినప్పుడు పోయింది వంశవృక్షాలు మాత్రమే అనుకుంటే పొరపాటు.

అంతటి రాక్స్‌బర్గ్ కాగితాలు కూడా పూర్తిగా మిగల్లేదు. 1787లో ఆ తీరాన్ని ముంచిన ఉప్పెనలో ఆయన పుస్తకాలు, అప్పటిదాకా సేకరించిన నమూనాలు కొట్టుకుపోయాయి. కోరంగి తుపానుల కథ కూడా ఇలాగే తునకలుగా మనకు చేరింది. 1787, 1789, 1839 అని మూడు ఏళ్లు వినిపిస్తాయి. తుపానుకు 'సైక్లోన్' అన్న పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ 1789 డిసెంబరు నాటి ఉప్పెనలో మూడు అలలు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఊరిని ముంచాయని, సుమారు ఇరవై వేల మంది చనిపోయారని రాశాడు. 1839 నవంబరు తుపాను విషయానికొస్తే, ఇప్పుడు ఎక్కడ చూసినా మూడు లక్షల మంది మృతి, ఇరవై వేల ఓడల ధ్వంసం అని ఉంటుంది. ప్రపంచంలోని ఘోర తుపానుల జాబితాల్లోకి కూడా ఆ సంఖ్య ఎక్కింది. దాన్ని ఇంకో కాగితంతో సరిచూడండి. 1841 జనాభా లెక్కల్లో రాజమండ్రి జిల్లా మొత్తం జనం 5.61 లక్షలు. రెండేళ్ల ముందు ఒక్క రేవు పట్టణం చుట్టుపక్కల మూడు లక్షల మంది పోయి ఉంటే జిల్లాలో ప్రతి మూడో మనిషీ పోయినట్టు. అంతటి ఘోరాన్ని ఆ కాలపు రెవెన్యూ ఉత్తరప్రత్యుత్తరాలు ఒక మూల ప్రస్తావించి ఊరుకోవు. ఇరవై వేల ఓడలు పట్టే చోటూ కోరంగిలో లేదు. ఎవరో రెండు ఉప్పెనల అంకెలను కలిపేసి ఉంటారు, ఆ తర్వాత అందరూ ఎత్తి రాసుకుంటూ పోయారు.

మరి ఆ 5.61 లక్షలు మాత్రం నిఖార్సైన లెక్కా? 1821లో 7.38 లక్షలున్న జనాభా ఇరవై ఏళ్లలో అంతకు పడిపోయిందని చూపించడం ఆనకట్ట కావాలన్నవాళ్ల వాదనకు బలం. ఆర్థర్ కాటన్ 1840లలో రాసిన నివేదికల లక్ష్యం కంపెనీ చేత డబ్బు ఖర్చు పెట్టించడం. ఆ మధ్యలో వచ్చిన నందన కరువు చావులూ వలసలూ నిజం, జిల్లా దీనస్థితీ నిజం. అయినా నివేదిక రాసినవాడికి ఏం కావాలో అడగకుండా అంకెను జేబులో వేసుకోకూడదు. ఒక లక్ష అటూ ఇటూ అయినా తుపాను కథ నిలబడదు కాబట్టి మన పనికి ఆ లెక్క సరిపోతుంది. ఏ సాక్ష్యం ఏ ప్రశ్నకు పనికొస్తుందో, దేనికి రాదో తెలుసుకోవడమే ఇందులోని విద్య.

శాసనాలతోనూ ఇంతే. రెండో శతాబ్దంలో టాలమీ పేర్కొన్న కంటకోస్సుల అనే వర్తక కేంద్రం కృష్ణా జిల్లా ఘంటసాలేనని పండితులు గుర్తించారు. అక్కడ దొరికిన శాసనంలో శివకుడనే మహానావికుడి పేరుంది. ఇప్పుడు ఘంటసాలలో నిలబడితే సముద్రం కనుచూపు మేరలో లేదు. అందుకని రెండు వేల ఏళ్లలో తీరం అంత దూరమూ ముందుకు జరిగిందని వెంటనే తేల్చేస్తారు. కానీ నావికుడు ఉన్న ఊరు సముద్రపు ఒడ్డునే ఉండాలని లేదు, నది పాయ మీద రేవుంటే చాలు. డెల్టా పెరిగిన మాట నిజమే. ఎంత పెరిగిందో చెప్పాల్సింది మాత్రం పొలాల మధ్య సన్నగా సాగే పాత ఇసుక దిబ్బల వరుసలు. ఒకప్పటి తీరరేఖలు అవే. శాసనం మనిషి సంగతి చెబుతుంది, దిబ్బ నేల సంగతి చెబుతుంది. ఒకదాని పని రెండోదానికి అప్పగిస్తే తప్పు జవాబు వస్తుంది.

కాగితం, రాయి చెప్పలేని దూరం ఉంది. అక్కడ బురదను అడగాలి. 2006లో గ్యాస్ హైడ్రేట్ల కోసం బంగాళాఖాతంలో గోదావరి ముఖద్వారం ఎదుట సముద్రగర్భాన్ని తవ్వినప్పుడు, పొడవైన గొట్టాల్లో వేల ఏళ్లుగా పేరుకున్న బురద పైకి వచ్చింది. దానిలో ఆకుల మీది మైనం అణువులు చెక్కుచెదరకుండా ఉన్నాయి. త్ర్యంబకం నుంచి ధవళేశ్వరం దాకా నది ఒడ్డున రాలిన ఆకులు, ఎండిన గడ్డి వరదలో కొట్టుకొచ్చి అక్కడ స్థిరపడినవే అవి. చెట్ల మైనానికీ, ఎండను తట్టుకునే గడ్డిజాతుల మైనానికీ కార్బన్ ఐసోటోపుల్లో తేడా ఉంటుంది. ఆ తేడాను పొరపొరగా కొలిచి 2012లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, సుమారు 4,000 ఏళ్ల కిందట మొదలై దాదాపు 1,700 ఏళ్ల కిందటి దాకా గోదావరి పరీవాహకంలో వానలు తగ్గుతూ, పొడి నేలల మొక్కలు అంతకంతకూ విస్తరించాయి. 2017లో అదే బృందం మరో అడుగు వేసి, ఈ మార్పుతో పాటే సముద్రంలోకి వచ్చే మట్టి కూడా పెరిగిందని, అందులో దక్కను నల్లరేగడి వాటా ఎక్కువైందని చూపించింది. వాతావరణం ఎండిపోవడంతో నేల మీది పచ్చని కప్పు పలచబడింది. ఆ పైన ఇనుప పనిముట్లతో సాగు విస్తరించాక కోత ఇంకా పెరిగింది.

ఇది మింగుడుపడని సంగతే. కోనసీమ కొబ్బరితోటల కింది నేలలో కొంత భాగం, కోరంగి మడ అడవి నిలబడిన బురదలో కొంత భాగం, మహారాష్ట్ర, తెలంగాణ మెట్టల్లో మన పూర్వీకులు దున్నిన పొలాల నుంచి కొట్టుకొచ్చినదే. కాకినాడకు అడ్డుగోడలా నిలిచిన హోప్ ఐలాండ్ వయసు సుమారు రెండొందల ఏళ్లే. గోదావరి తెచ్చిన ఇసుకను తీరం వెంబడి అలలు ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా ఏర్పడిన నేల అది. దాని చాటున పేరుకున్న బురద మీదికి మడచెట్లు ముందుకు జరిగాయి. అంటే 1978లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ అడవిలో కొంత భాగం, పక్కనే శిథిలమైపోయిన రేవు కంటే వయసులో చిన్నది. అనాదిగా ఉన్న అడవి అని బోర్డు రాసి పెట్టుకుంటే మనకు ఊరటగా ఉంటుందేమో గానీ, దాన్ని కాపాడే దారి తెలియదు. ఆ అడవి నిలబడేది రోజూ వచ్చిపోయే పోటునీటితో, ఏటా వచ్చే మట్టితో. కంచె వేసి కాపలా పెట్టినంత మాత్రాన ఆ మట్టి రాదు. ఎగువ జలాశయాల నుంచి ఒండ్రును కిందికి వదిలే పద్ధతుల గురించి అటవీశాఖ, జలవనరుల శాఖ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి.

నది ముఖద్వారం నుంచి ఎగువకు వెళితే ఇదే ప్రశ్న గడ్డి నేలల రూపంలో ఎదురవుతుంది. దక్కను పీఠభూమిలో ముళ్లచెట్లు అక్కడక్కడా ఉండి మిగతాదంతా గడ్డి పరుచుకున్న బయళ్లను మనం నరికేసిన అడవి మిగులుగా చూడటానికి అలవాటుపడ్డాం. చెట్లు నాటితే పాత అడవి తిరిగొస్తుందని నమ్మాం. పశ్చిమ మహారాష్ట్రలో ఇద్దరు పరిశోధకులు మధ్యయుగపు మరాఠీ కావ్యాల్లో, చరితల్లో, జానపద పాటల్లో వచ్చే చెట్లూ చేమల పేర్లన్నీ ఏరి 2025లో ప్రచురించారు. అవి వర్ణించిన ప్రకృతిలో దట్టమైన అడవి చెట్ల కంటే తుమ్మ వంటి బయలు నేలల జాతులే ఎక్కువ. కనీసం 750 ఏళ్లుగా అక్కడ గడ్డి నేలలే ఉన్నాయని వాళ్ల నిర్ధారణ. సముద్రపు బురద చెప్పిన మాటతో ఇది సరిగ్గా అతుకుతుంది.

మనకు ఈ పని చేయడానికి ముడిసరుకు మరాఠీవాళ్ల కంటే తక్కువేం లేదు. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ల కింది గుమాస్తాలు ఊరూరా తిరిగి పోగేసిన కైఫియత్తులనే గ్రామ చరిత్రలున్నాయి. కడప జిల్లావి బ్రౌన్ గ్రంథాలయం సంపుటాలుగా అచ్చువేసింది. చాలా కైఫియత్తుల్లో ఊరి పుట్టుక ఒకే తీరులో మొదలవుతుంది. ఇక్కడ అడవి ఉండేది, ఫలానా రాజు కాలంలో ఫలానావారు దాన్ని కొట్టించి ఊరు కట్టారు, చెరువు తవ్వించారు, గుడికి మాన్యమిచ్చారు. రాజుల వరుస కోసం వీటిని ఎంతోమంది చదివారు. అడవి ఎక్కడెక్కడ ఉండేదన్న దాని కోసం పటం మీద చుక్కలు పెడుతూ చదివినవాళ్లు అరుదు. ఇక్కడా జాగ్రత్త అవసరమే. అడవిని కొట్టి ఊరు కట్టడం కీర్తి తెచ్చే పని కాబట్టి, చిట్టడవి కూడా కథలో కీకారణ్యం అయిపోయే వీలుంది. అందుకే ఏనుగుల వీరాస్వామయ్య వంటి సాక్షి తోడు కావాలి. 1830 మే నుంచి 1831 సెప్టెంబరు దాకా చెన్నపట్నం నుంచి కాశీకి వెళ్లి వచ్చిన ఆయన, మజిలీ మజిలీకి నీళ్లున్నాయా, నీడ ఉందా, దారి అడవా బయలా అని రాసిపెట్టాడు. దిగాల్సిన చోట నీడ లేకపోతే లేదనే రాస్తాడు, ఆయనకు ఊరి కీర్తితో పని లేదు.

అనంతపురం, కర్నూలు ప్రాంతాల బయళ్లు నిజంగా పాత గడ్డి నేలలైతే, పరిహార వనీకరణ పేరుతో అక్కడ గుంతలు తీసి చెట్లు నాటడం ఒక ప్రకృతిని చెరిపి ఇంకొకదాన్ని రుద్దడమే. బట్టమేక పిట్టకు, జింకకు, గొర్రెల కాపరికి అది ఇల్లు. రోళ్లపాడు అభయారణ్యంలో బట్టమేక కనిపించడం అపురూపమైపోయిన రోజుల్లో ఈ ప్రశ్న పుస్తకాలకు పరిమితమైనది కాదు. బ్రిటిష్ రెవెన్యూ అధికారి పన్ను రాని నేలకు బంజరు అని రాసుకున్నాడు, అతనికి కావలసింది శిస్తు. ఆ ముద్రను మనం నేల స్వభావంగా చదివి వందేళ్లకు పైగా అలాగే మోస్తున్నాం.

రెవెన్యూ రికార్డును తీసిపారేయమని నేననడం లేదు. ఆంధ్రలో డైగ్లాట్, ఆర్‌ఎస్‌ఆర్, గ్రామ నక్షా, తెలంగాణలో సేత్వారు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ చూస్తే ఏ సర్వే నంబరు వాగు, ఏది కుంట శిఖం, ఏది మేత పోరంబోకు అని ఉంటుంది. రెండు లైన్ల మధ్య సన్నగా గీసిన వాగు ఇవాళ ఏ కాలనీ కింద ఉందో ఆ నక్షా చెబుతుంది. హైదరాబాద్‌లో 2024 నుంచి చెరువుల ఆక్రమణలపై హైడ్రా చేపట్టిన కూల్చివేతల్లో ఇళ్ల భవితవ్యం ఇలాంటి పాత పటాల మీదే ఆధారపడుతోంది. అందుకే పటాన్ని చదవడం తెలియాలి. వానాకాలంలో సర్వే చేసిన పటంలో చెరువు పెద్దది, ఎండాకాలపు పటంలో చిన్నది. ఏ నెలలో గీశారో, ఎవరు ఎందుకు గీయించారో చూడకుండా ఒక్క పటంతో తీర్పు చెబితే, అది చెరువుకైనా ఇంటి యజమానికైనా అన్యాయమే.

వరదల విషయంలో ఈ నిర్లక్ష్యానికి ధర ఎక్కువ. భద్రాచలం దగ్గర గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు చేరింది. 2022లో జులైలోనే 71.3 అడుగులు తాకింది. పోలవరం స్పిల్‌వేకు ముందు అనుకున్న 36 లక్షల క్యూసెక్కుల సామర్థ్యాన్ని 50 లక్షలకు పెంచారు. నమోదైన వరదలకు మించినవి రావచ్చని ఒప్పుకోవడమే ఇది. ఎంత మించవచ్చు అన్నదానికి వందేళ్ల గేజి రీడింగులు చాలవు. నది ఒడ్డు గుళ్ల గోడల మీద, మెట్ల మీద చెక్కిన పాత వరద గుర్తులు, పొంగు తగ్గాక ఎత్తైన చోట ఆగిపోయిన మేటలు ఈ వరుసను వెనక్కి పొడిగించగలవు. ఆ గుర్తుల ఎత్తును సర్వే మట్టంతో కలిపి రాసుకోవడానికి పెద్ద నిధులేమీ అక్కర్లేదు. జీర్ణోద్ధరణ పేరుతో గోడలకు గ్రానైటు అతికించేలోగా ఆ పని జరగాలి.

నది మీద, తీరం మీద, అటవీ భూమి మీద కట్టే ప్రతి ప్రాజెక్టు పర్యావరణ నివేదికలో ఆ ప్రదేశానికి దొరికినంత మేర పాత ఆధారాలన్నీ పరిశీలించిన అధ్యాయం తప్పనిసరి చేయాలి. దాన్ని రాయడానికి ఒక చరిత్రకారుడు, ఒక భూవిజ్ఞాని, ఒక వృక్షశాస్త్రవేత్త కలిసి కూర్చోవాలి. కైఫియత్తుల్లో, శాసనాల్లో వచ్చే చెట్లు, వాగులు, అడవులు, చెరువుల పేర్లను ఊరివారీగా సూచిక చేయడం రెండు రాష్ట్రాల విశ్వవిద్యాలయాలూ పంచుకోగల పని. కాగితం మీదికి ఎక్కని సాక్ష్యం కోసం మాత్రం అంతకాలం ఆగలేం. ఉప్పాడలో పెద్దవాళ్లు అలల వైపు చెయ్యి చూపించి, అక్కడ ఫలానా వీధి ఉండేది, ఆ పక్కన గుడి ఉండేది అని చెబుతారు. వాళ్లను తీరం మీదికి తీసుకెళ్లి, చెప్పిన ప్రతి చోటునూ పాత గ్రామ నక్షా మీద గుర్తించి, ఏ ఏడు ఏది పోయిందో రాసుకోవాలి. ఒక సర్వేయరు, ఇద్దరు విద్యార్థులు, ఆ ఊరి నక్షా నకలు ఉంటే ఈ వేసవి సెలవుల్లోనే అది మొదలుపెట్టవచ్చు.